రీసెర్చ్ పేపర్లు చదవడం – 4వ పాఠం: "శాంపిల్ చిన్నది" అని కొట్టిపారేసే ముందు

ఈసారి గ్రాఫులు చదవడం గురించి చెప్పాలి, కానీ దాన్ని వచ్చే పాఠానికి జరిపేశా. పోయినసారి ఇచ్చిన ప్రాక్టీస్‌కి మీరు పంపిన జవాబులన్నీ కూర్చుని చదివాను, చదివాక ఇది తేల్చకుండా గ్రాఫుల్లోకి దిగితే లాభం లేదనిపించింది. పోయిన పాఠంలో, పేపర్ చేతికి రాగానే ఎంతమంది మీద చేశారో చూడండి అన్నాను కదా, ఆ ఒక్క మాట పట్టుకుని దాదాపు అందరూ అన్ని పేపర్లనీ ఒకే గాటన కట్టేశారు. శాంపిల్ వెయ్యి దాటితే మంచి పేపర్, యాభై లోపుంటే పనికిరాని పేపర్. ఒక ఊళ్లో నెలల తరబడి ఉండి చేసిన సోషియాలజీ స్టడీకి "ఒక్క ఊరే కాబట్టి చెల్లదు" అని రాశారు, ఫాసిల్ పేపర్‌కి "ఎన్ = 1, నమ్మలేం" (ఎన్ అంటే ఎన్ని కేసులు చూశారన్న సంఖ్య) అని రాశారు, ఎవరికి వాళ్లు వచ్చి ఆన్‌లైన్‌లో నింపిపోయిన పెద్ద సర్వేకి మాత్రం ఫుల్ మార్కులు వేశారు. ఆ మూడింట్లో అన్నిటికంటే ఎక్కువ అనుమానించాల్సింది ఆ సర్వేనే.

అబ్‌స్ట్రాక్ట్ అంటే ఏంటి, పీర్ రివ్యూ అంటే ఏంటి, ఇవన్నీ మీకు తెలుసనుకునే ముందుకెళ్తున్నా.

అసలు విషయం ఏంటంటే, ఫిజిక్స్ నుంచి సోషియాలజీ దాకా రీసెర్చ్ అని ఒకే పేరుతో పిలుస్తాం గానీ, లోపల అడిగే ప్రశ్నలు వేరు. ప్రశ్న మారితే ఎన్ని కేసులు కావాలన్నది కూడా మారిపోతుంది. అందుకే ముందు ప్రశ్న ఏంటో చూడండి, నంబర్ తర్వాత.

కొన్ని పేపర్లు అడిగేది "ఇది ఉందా లేదా, జరగగలదా లేదా" అని. దీనికి ఒక్క కేసు చాలు, కాకపోతే ఆ ఒక్కటీ గట్టిది అయ్యుండాలి. 2015 సెప్టెంబర్ 14న లైగో అనే అమెరికా అబ్జర్వేటరీ మొదటిసారి గ్రావిటేషనల్ వేవ్స్ (స్థలకాలంలో పుట్టే అలలు) పట్టుకుంది, అది ఒక్క ఘటన. దాదాపు 3000 కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు డిటెక్టర్లలో సుమారు 7 మిల్లీసెకన్ల తేడాతో ఒకే ఆకారంలో సిగ్నల్ వచ్చింది. అక్కడ "ఎన్ని వేవ్స్ చూశారు" అని అడిగితే ఉపయోగం లేదు, "ఉత్త నాయిస్ (అసలు సిగ్నల్ కాని గోల) వల్ల ఇలాంటిది ఎంత తరచుగా వస్తుంది" అని అడగాలి. వాళ్లు అదే లెక్కేశారు, 2 లక్షల ఏళ్లకి ఒకసారి కంటే తక్కువ అని తేలింది. అలాగే 1974లో ఇథియోపియాలో దొరికిన లూసీ అస్థిపంజరం, మనిషికి దగ్గరి పాత జాతిది. దాదాపు 32 లక్షల ఏళ్ల నాటిది, ఒక్కటే. మెదడు ఇంకా చిన్నగా ఉన్న కాలంలోనే రెండు కాళ్ల మీద నడిచే జీవులు ఉన్నాయా అంటే, ఉన్నాయి అని చెప్పడానికి ఆ ఒక్కటి చాలా గట్టి ఆధారం. అదే లూసీని పట్టుకుని "ఆ జాతి సగటు ఎత్తు ఇంత" అంటే మాత్రం చెల్లదు. గమనించండి, ఎముకలు అవే, ప్రశ్న మారగానే ఒక్కటి సరిపోకుండా పోయింది.

ఇంకొకటి, ఇది నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ. 1984లో బ్యారీ మార్షల్ అనే డాక్టర్ హెలికోబ్యాక్టర్ పైలోరీ బ్యాక్టీరియాని తనే తాగేశాడు, కొద్ది రోజుల్లోనే కడుపులో వాపు వచ్చింది. ఆ బ్యాక్టీరియా ఆరోగ్యంగా ఉన్న కడుపులో వాపు తేగలదా అన్న ప్రశ్నకి ఆ ఒక్కడి కడుపే పెద్ద సాక్ష్యం. కానీ అల్సర్ ఉన్నవాళ్లకి యాంటీబయాటిక్స్ ఇస్తే తగ్గుతుందా, ఎంతమందికి తగ్గుతుంది అంటే దానికి తర్వాత పేషెంట్ల మీద ట్రయల్స్ చెయ్యాల్సొచ్చింది. 2005లో ఆయనకీ రాబిన్ వారెన్‌కీ కలిపి నోబెల్ వచ్చింది.

రెండో రకం ప్రశ్న "ఎంత శాతం". ఇక్కడ నంబర్ కావాలి, కానీ నంబర్ కంటే ముందు ఎవర్ని అడిగారన్నది కావాలి. 1936 అమెరికా ఎన్నికల్లో లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు కోటిమందికి బ్యాలెట్లు పోస్టులో పంపింది, 20 లక్షలకి పైగా తిరిగొచ్చాయి, వాటిని బట్టి రూజ్‌వెల్ట్ మీద పోటీచేసిన లాండన్ గెలుస్తాడని రాసింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. వాళ్లు పేర్లు తీసుకున్నది ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీలూ కారు రిజిస్ట్రేషన్ లిస్టుల నుంచి, పైగా తిరిగి పంపినవాళ్లు ఒక రకం, పంపనివాళ్లు ఇంకో రకం. దానికంటే ఎంతో చిన్న శాంపిల్‌తో సర్వేలు చేసే జార్జ్ గ్యాలప్ సరిగ్గా చెప్పాడు. కాబట్టి సర్వే పేపర్ చూస్తే నా మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే, ఇందులో ఎవరు మిస్సయ్యారు? మిస్సయినవాళ్లు వేరే రకం మనుషులైతే ఇంకో పది లక్షలమందిని కలిపినా ఆ తప్పు అలాగే ఉంటుంది.

మూడో రకం "ఇది ఎలా నడుస్తుంది, లోపల ఏం జరుగుతోంది". సోషియాలజిస్ట్ ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు ప్రాంతంలో ఆయన రామపుర అని పిలిచిన ఊళ్లో ఉండి పని చేశారు. ఊళ్లో పెత్తనం ఎవరిది అని చూస్తే, ఆచారాల లెక్కలో అందరికంటే పైనున్న కులానిది కాదు, భూమీ జనాభా రెండూ ఉన్న రైతు కులానిది. అక్కణ్నుంచే ఆధిపత్య కులం అన్న ఆలోచన బలంగా ముందుకొచ్చింది. ఇలాంటి పేపర్‌లో ఎన్ వెతకొద్దు. ఎన్నాళ్లున్నారు, భాష వచ్చా, ఎవరితో మాట్లాడారు, ఎవరితో మాట్లాడలేకపోయారు, తమ వాదనకి ఎదురొచ్చిన సంగతులు కూడా రాశారా, అవి చూడండి. న్యూరోసైన్స్‌లో హెచ్.ఎం. అనే పేషెంట్ కూడా ఇదే కోవ. 1953లో మూర్ఛలకి ఆపరేషన్ చేసి మెదడులో రెండు వైపులా హిప్పోక్యాంపస్ భాగం తీసేశారు, ఆ తర్వాత కొత్త సంగతులేవీ గుర్తుండేవి కావు, కానీ అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ మీద గీత గీయడం రోజురోజుకీ బాగా చేసేవాడు, నిన్న చేశానన్న సంగతే తెలియకుండా. జ్ఞాపకం అంటే ఒకే ముద్ద కాదని ఒక్క మనిషి వల్ల తెలిసింది.

నాలుగోది "దీనివల్లే అది జరిగిందా". మనుషులు ఒకళ్లకొకళ్లు చాలా తేడాగా ఉంటారు కాబట్టి మందుల విషయంలో వేలమంది కావాలి. కోవిడ్ టైంలో బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందుని 6,425 మంది మీద చూసింది, మందు ఎవరికివ్వాలో లాటరీ పద్ధతిలో తేల్చారు. వెంటిలేటర్ మీదున్నవాళ్లలో మరణాలు దాదాపు మూడోవంతు తగ్గాయి, ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకి ఉపయోగం కనపడలేదు. అంతమంది లేకపోతే ఈ రెండో ముక్క బయటపడేదే కాదు.

ఇక్కడిదాకా సులువే. ఇప్పుడు నన్ను నిజంగా విసిగించే ఉచ్చు, దీని మీద ఎక్కువ సేపు కూర్చుంటా, ఓపిక పట్టండి.

పేపర్‌లో "ఎన్ = 600" అని ఉంటుంది. 600 ఏంటి? రెండు స్కూళ్లు తీసుకున్నారు, ఒక దాంట్లో కొత్త పద్ధతిలో లెక్కలు చెప్పారు, ఇంకో దాంట్లో పాత పద్ధతి, చెరో 300 మంది పిల్లలు. పరీక్ష పెట్టి 600 మార్కులు తీసుకున్నారు. మీరు చాలామంది దీన్ని పెద్ద శాంపిల్ అని రాస్తారు. కాదు, పద్ధతి మారింది ఒక్క స్కూల్లో, మారనిది ఒక్క స్కూల్లో. కొత్త పద్ధతి ఉన్న స్కూల్లో టీచర్ మంచివాడా, పిల్లల ఇళ్లలో చదువుందా, ఆ ఏడాది అక్కడ సెలవులు తక్కువా, ఇవన్నీ ఆ 300 మందికీ ఒకేసారి కలిసొస్తాయి. ఆరొందలు కాదు ఆరు వేలమంది పిల్లలున్నా పోలిక రెండు స్కూళ్ల మధ్యే. ల్యాబుల్లో కూడా ఇదే కథ. 5 గర్భిణీ ఎలుకలకి మందిచ్చి, పుట్టిన 40 పిల్లల్ని కొలిచి ఎన్ = 40 అంటారు, మందు పడింది 5 తల్లులకే. ఒకే ఎలుక మెదడు నుంచి 300 న్యూరాన్లు రికార్డ్ చేసి ఎన్ = 300 అంటారు, ఎలుక ఒక్కటే. ఒకే తొట్టిలో ఉన్న 50 చేపలు, ఒకే చెరువు నుంచి తీసిన 30 సీసాల నీళ్లు, అంతే. ఇకాలజీలో స్టువర్ట్ హర్ల్‌బర్ట్ 1984లో దీనికి సూడోరెప్లికేషన్ అని పేరుపెట్టి గట్టిగా రాశాడు, అయినా ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది.

కాబట్టి "ఎన్ ఎంత" అని అడగొద్దు. రెండు ప్రశ్నలు అడగండి. ఏది మారింది? ఆ మార్పు విడివిడిగా ఎన్నిసార్లు జరిగింది? ఆ రెండో దానికొచ్చే జవాబే కారణం గురించి మాట్లాడే పేపర్‌కి అసలైన ఎన్.

దీన్ని పెద్ద పేరున్న పనుల మీద పెట్టి చూడండి. ఎకనామిస్టులు కార్డ్, క్రూగర్ రాసిన 1994 పేపర్‌లో 410 ఫాస్ట్‌ఫుడ్ రెస్టారెంట్లున్నాయి. 1992 ఏప్రిల్‌లో న్యూజెర్సీ కనీస వేతనం గంటకి 4.25 డాలర్ల నుంచి 5.05కి పెంచింది, పక్కనే ఉన్న పెన్సిల్వేనియాలో పెరగలేదు, న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గినట్టు కనపడలేదు. చాలా తెలివైన పోలిక, ఇలాంటి పనులకి గాను కార్డ్‌కి 2021లో నోబెల్ కూడా వచ్చింది, కానీ చట్టం మారింది ఒక్క రాష్ట్రంలో ఒక్కసారి. అందుకే తర్వాత వచ్చినవాళ్లు రెస్టారెంట్లు పెంచి ఊరుకోలేదు, రాష్ట్రాల సరిహద్దుకి అటూ ఇటూ ఆనుకుని ఉన్న కౌంటీల జంటలు బోలెడన్ని తీసుకుని చూశారు. పెంచాల్సింది అది.

ఇప్పుడు దీని పక్కన లండన్ డాక్టర్ జాన్ స్నో పని పెట్టండి. 1854 లండన్ కలరాలో సౌత్‌వార్క్ అండ్ వాక్స్‌హాల్ కంపెనీ నీళ్లు తాగే ఇళ్లలో ప్రతి 10,000 ఇళ్లకి 315 మరణాలు, నీళ్లు తోడే చోటుని అప్పటికే ఎగువకి మార్చుకున్న ల్యాంబెత్ కంపెనీ ఇళ్లలో 37. కంపెనీలు రెండే, కానీ చాలా వీధుల్లో ఒక ఇంటికి ఒక పైపు, పక్కింటికి ఇంకో పైపు. పేదా గొప్పా, గాలీ, వీధీ అన్నీ రెండు వైపులా కలగలిసిపోయాయి, అందుకే ఆ పోలిక అంత బలంగా నిలబడింది. నన్నడిగితే ప్రకృతో పరిస్థితులో వాటంతటవే చేసిపెట్టిన ఇలాంటి ప్రయోగాలు ల్యాబ్ ప్రయోగాలకంటే అందంగా ఉంటాయి, ఇది నా ఇష్టం, మీరు ఒప్పుకోనక్కర్లేదు.

మార్పు ఒక్కసారే జరిగితే ఏమవుతుందో గలాపగోస్ దీవుల్లో గ్రాంట్ దంపతులు (ఇద్దరూ బయాలజిస్టులే) చేసిన పని చూస్తే తెలుస్తుంది. డాఫ్నీ మేజర్ దీవిలో 1977లో కరువొచ్చింది, అక్కడి ఒక జాతి ఫించ్ పిట్టలు సుమారు 1,200 నుంచి 180కి పడిపోయాయి, గట్టి గింజలు పగలగొట్టగల పెద్ద ముక్కువి ఎక్కువ బతికాయి. పిట్టలు వందల్లో, కరువు ఒక్కటే. అప్పుడే ఆపేసుంటే "కరువొస్తే ముక్కు పెద్దదవుతుంది" అని పాఠాల్లో రాసుకునేవాళ్లం. వాళ్లు దశాబ్దాల పాటు ఆ దీవికి వెళ్తూనే ఉన్నారు. 2003–05 కరువులో అదే జాతిలో చిన్న ముక్కువే ఎక్కువ బతికాయి, ఎందుకంటే ఈలోగా దీవికి ఇంకో పెద్ద ఫించ్ జాతి వచ్చి స్థిరపడింది, పెద్ద గింజలు అది తినేసింది.

ఇంక మిగతావి గబగబా. ఫిజిక్స్‌లో కొత్త పార్టికల్ అనాలంటే 5 సిగ్మా కావాలి, అంటే నాయిస్ వల్ల అలా రావడానికి సుమారు 35 లక్షల్లో ఒక వంతు అవకాశం, సైకాలజీలో మామూలుగా 20లో ఒకటి చాలు, రెండిటి "సిగ్నిఫికెంట్" (ఉత్త యాదృచ్ఛికం కాదని ఒప్పుకునే గీత) ఒకటి కాదు. 2015లో 100 సైకాలజీ స్టడీలని మళ్లీ చేసి చూస్తే 36 శాతమే మళ్లీ సిగ్నిఫికెంట్‌గా వచ్చాయి. రచయితల సంఖ్య చూసి బెదరకండి, హిగ్స్ బోసాన్ అనే పార్టికల్ మాస్ (ద్రవ్యరాశి) మీద 2015లో వచ్చిన పేపర్‌కి 5,154 మంది రచయితలు.

నేను చదివే వరుస ఇది. టైటిల్, వెంటనే మెథడ్స్, తర్వాత మొదటి టేబుల్, ఆ తర్వాతే అబ్‌స్ట్రాక్ట్. ఇంట్రడక్షన్ అన్నిటికంటే ఆఖర్న, ముందే చదివితే వాళ్ల వాదన మన బుర్రలో కూర్చుండిపోతుంది. మ్యాథ్స్ పేపర్లకీ ఎథ్నోగ్రఫీకీ (శ్రీనివాస్‌లా జనం మధ్యే ఉండి చేసే స్టడీలకి) ఈ వరుస పని చెయ్యదు, వాటిని మొదట్నుంచీ చదవాల్సిందే.

ప్రాక్టీస్. ఆరు పేపర్లు తీసుకోండి: ఫిజిక్స్ లేదా ఆస్ట్రానమీ, ఇకాలజీ, మందుల ట్రయల్, ఎకనామిక్స్, సర్వే, ఎథ్నోగ్రఫీ, తలా ఒకటి. ఒక్కోదానికి నాలుగే లైన్లు రాయండి. ప్రశ్న పై నాలుగు రకాల్లో ఏది, పేపర్ చెప్పుకున్న ఎన్ ఎంత, మీ లెక్కలో మార్పు విడివిడిగా ఎన్నిసార్లు జరిగింది, ఆ రెండు నంబర్లూ వేరైతే ఏం చేసుంటే ఒకటయ్యేవి. మార్పు అనేదే లేని పేపర్‌కి మూడో లైన్‌లో దాని ప్రశ్నకి తగ్గట్టు ఏం చూడాలో రాయండి. ఆఖరి లైన్ కష్టం, ఎకనామిక్స్ దానికి ఒక పూట పడుతుంది, తొందరపడొద్దు. అబ్‌స్ట్రాక్ట్ మాత్రమే చదివి రాస్తే ఇట్టే తెలిసిపోతుంది, ఎందుకంటే మూడో లైన్‌కి జవాబు దాదాపు ఎప్పుడూ మెథడ్స్‌లోనే ఉంటుంది.