రింగ్ ఫిట్ ఆటతో ఇంట్లోనే వ్యాయామం ఎలా చేయాలి?

నింటెండో స్విచ్ అనే గేమ్ యంత్రం కోసం 2019 అక్టోబరులో వచ్చిన రింగ్ ఫిట్ అడ్వెంచర్ నిజంగా చెమట పట్టించే ఆట. అయినా కొన్న కొద్ది వారాలకే మోకాళ్ల నొప్పులంటూ దాన్ని అటకెక్కించే ఇళ్లను చూస్తూనే ఉన్నాను. ఆట తెరవడం, పట్టీ కట్టుకోవడం ఎవరికైనా వస్తుంది. స్క్వాట్, అంటే కుర్చీలో కూర్చున్నట్టు కిందికి దిగి లేవడం, మాత్రం సరిగ్గా చేసేవారు అరుదు. అందుకే మిగతావన్నీ గబగబా చెప్పి దాని దగ్గర ఆగుతాను.

1. సామాను

స్విచ్, టీవీ, ఆటతో పాటు పెట్టెలో వచ్చే రింగు, తొడపట్టీ ఉంటే చాలు. స్విచ్ లైట్ అనే చిన్న రకం ఉన్నవారు జాయ్-కాన్ల (చేతిలో పట్టుకునే చిన్న కంట్రోలర్ల) జత విడిగా కొనాలి. 2025లో వచ్చిన స్విచ్ 2 జాయ్-కాన్లు ఈ రింగులో పట్టవు కాబట్టి స్విచ్ 2 ఉన్నవారికీ పాత జతే కావాలి. అమెరికాలోని బంధువులతో తెప్పించుకునేవారు ఈ సంగతి ముందే చెప్పి పంపండి. కింద యోగా చాప పరిచి ఉత్త కాళ్లతో ఆడండి. నున్నటి టైల్స్ మీద సాక్సులతో ఆడటం పడిపోవడానికే. సమయం పొద్దున టిఫినుకు ముందే. సాయంత్రం చేస్తామనేవారు నాలుగు రోజుల్లో మానేస్తారు.

2. కట్టుకోవడం

కుడి జాయ్-కాన్ రింగుకు, ఎడమది తొడపట్టీకి. పట్టీని ఎడమ తొడకు, మోకాలికి బాగా పైన, లోపల రెండు వేళ్లు దూరేంత బిగుతుగా కట్టండి. జారుడు బట్టతో కుట్టిన ట్రాక్ ప్యాంటు మీద కడితే పరుగు మధ్యలో అది మోకాలి దాకా దిగిపోతుంది, ఆట మీ అడుగులను సరిగ్గా లెక్కించదు. నూలు ప్యాంటే వేసుకోండి.

3. తీవ్రత

ఆట మీ వయసు, బరువు అడుగుతుంది, రింగును ఎంత బలంగా నొక్కగలరో చూస్తుంది. వ్యాయామ తీవ్రత 1 నుంచి 30 వరకు ఉంటుంది. ఆట సూచించిన అంకెలో సగంతో మొదలుపెట్టండి. ఇంట్లో పిల్లలు పందెం కాశారని పెంచకండి.

అపార్ట్‌మెంటులో ఉంటే సైలెంట్ మోడ్ పెట్టుకోండి. పరుగుకు బదులు మోకాళ్లు వంచి లేస్తే సరిపోతుంది, కింది అంతస్తువారికి చప్పుడు ఉండదు. అయితే ఆ పద్ధతిలో మోకాళ్లు వంచడం ఇంకా ఎక్కువవుతుంది. ఇప్పుడు అసలు సంగతికి వద్దాం.

4. స్క్వాట్

ముందుగా ఆట మీలో ఏం చూస్తుందో తెలుసుకోండి. రింగు ఎంత వంగింది, ఎటు తిరిగింది, ఎడమ తొడ ఎంత వాలింది అన్నవే దానికి తెలుస్తాయి. మీ వీపు కనబడదు, మడమలు కనబడవు, కుడి కాలు అసలు ఉందో లేదో కూడా తెలియదు. నడుము విల్లులా వంచి, మడమలు లేపి, బరువంతా ఒక కాలి మీద వేసి కూర్చున్నా ఎడమ తొడ తగినంత వాలితే చాలు, తెర మీద మెచ్చుకోలు వచ్చేస్తుంది. ఆ మెచ్చుకోలు చూసి మురిసిపోయి రోజూ అదే తప్పు చేస్తారు. తెర మార్కులు వేస్తుందే తప్ప తప్పులు దిద్దదు.

కాబట్టి ఆట ఆపేసి, గోడకు ఆనించిన పీట వెనకాల పెట్టుకుని నేర్చుకోండి. పాదాలు భుజాల వెడల్పుకు, వేళ్లు కొద్దిగా బయటికి. మోకాళ్లు వంచడంతో మొదలుపెట్టకూడదు. ముందు పిరుదులు వెనక్కి వెళ్లాలి, ఆ తర్వాతే మోకాళ్లు వంగాలి. పిరుదులు పీటకు తగిలీ తగలకముందే ఆగండి. అక్కడ కాలివేళ్లు ఆడించి చూడండి. ఆడితే బరువు మడమల మీద ఉన్నట్టు. నేలను గట్టిగా పట్టుకుని కదలనంటే మీరు ముందుకు వాలిపోయారు.

చిన్నప్పుడు బడిలో తీసిన గుంజీల అలవాటుతో చాలామంది పూర్తిగా కిందికి కూలబడి, ఊపుతో లేస్తారు. అది ఇక్కడ వద్దు. మోకాలు కాలి బొటనవేలిని దాటకూడదని భయపెట్టేవారి మాటా పట్టించుకోకండి. మడమ నేలకు ఆని ఉంటే కొద్దిగా దాటినా ప్రమాదం లేదు. జాగ్రత్త పడాల్సింది లేచేటప్పుడు. అలసట మొదలవగానే రెండు మోకాళ్లూ ఒకదాని వైపు ఒకటి లోపలికి వాలతాయి. అవి ఎప్పుడూ కాలి రెండో వేలి వైపే చూడాలి. వాలడం మొదలైందంటే, తెర మీద ఇంకా ఎన్ని మిగిలినా సరే, అక్కడితో ఆపండి. తీవ్రత అంకె తగ్గిస్తే ఆట అడిగే లెక్కే తగ్గుతుంది.

ఫోనును స్టాండుకు పెట్టి ఒకసారి ఎదురుగా, ఒకసారి పక్క నుంచి వీడియో తీసుకోండి. మోకాళ్లు వాలేదీ లేనిదీ ఎదురు వీడియోలో, వీపు వంగేదీ లేనిదీ పక్క వీడియోలో తెలిసిపోతాయి. దిగేటప్పుడు ఊపిరి లోపలికి, లేచేటప్పుడు బయటికి. మర్నాడు తొడలు పట్టేస్తే అది మామూలే. మెట్లు దిగుతుంటే మోకాలిచిప్ప దగ్గర పొడిచినట్టు ఉంటే మాత్రం స్క్వాట్లు మానేసి డాక్టరుకు చూపించండి. మోకాలికి, నడుముకు, భుజానికి ఇబ్బంది ఉన్నవారి కోసం ఆటలో అసిస్ట్ మోడ్ ఉంది, మొహమాటపడకుండా వాడుకోండి.

5. మిగతా వ్యాయామాలు

ఆటలో వ్యాయామాలకు రంగులుంటాయి: ఎరుపు చేతులకు, పసుపు పొట్టకు, నీలం కాళ్లకు, ఆకుపచ్చ యోగాకు. ఆటలో పోరుకు వచ్చిన శత్రువు రంగును బట్టి వ్యాయామం ఎంచుకుంటే దెబ్బ గట్టిగా తగులుతుంది, ఒంట్లో అన్ని భాగాలకూ పని పడుతుంది. ఇలాంటి ఆటల్లో దీన్నే నేను ఎంచుకోవడానికి కారణం రింగే. 2010లో ఎక్స్‌బాక్స్ గేమ్ యంత్రానికి వచ్చిన, ఒంటి కదలికలను చూసే కినెక్ట్‌కు కెమెరా ముందు ఆరడుగుల ఖాళీ ఉండాలి, మన హాళ్లలో సోఫా జరపకుండా అది కుదరదు. బాక్సింగ్ ఆటల్లో గాలిలో గుద్దడమే తప్ప చేతికి ఎదురు బలం తగలదు. ఈ రింగు నొక్కినా లాగినా ఎదురు తిరుగుతుంది, కండకు కావలసింది అదే.

6. వారం లెక్క

పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం చేయాలని, రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే కసరత్తు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆట చివర కనబడేది మీరు నిజంగా కదిలిన సమయమే, మాటలు, మెనూలు అందులో కలవవు. కాబట్టి తెర మీద ఇరవై నిమిషాలు కనబడాలంటే గడియారంలో అంతకు బాగా ఎక్కువే పెట్టుకోవాలి. వారానికి ఐదు రోజులు ఆడి, మిగతా నిమిషాలు నడకతో పూర్తిచేయండి. మొదట్లో, చివర్లో వచ్చే సాగతీతలను దాటవేయకండి. రెండు వారాలపాటు మోకాళ్లు లోపలికి వాలకుండా చేయగలిగితే తీవ్రతను ఒక్క అంకె పెంచి, ఆ రోజు మళ్లీ ఎదురు నుంచి వీడియో తీసి చూసుకోండి.