లిండిస్‌ఫార్న్ దీవికి వెళ్లే ముందు

☐ ముందు ఆటుపోట్ల టైమ్ చూసుకోండి. ఇంగ్లండ్ ఈశాన్య తీరంలోని ఈ దీవి రోడ్డు రోజుకు రెండుసార్లు సముద్రంలో మునిగిపోతుంది. నార్తంబర్లాండ్ కౌంటీ కౌన్సిల్ ఇచ్చే సురక్షిత వేళల్లో మీ తేదీనే చూశారా? తిరుగు ప్రయాణానికి కూడా?

☐ "ఇంకా నీళ్లు రాలేదుగా" అని ఆఖరి నిమిషంలో కారు దింపొద్దు. దారిలో పొడవాటి కాళ్ల మీద నిలబెట్టిన తెల్లటి చిన్న గది కనిపిస్తుంది. అలా చిక్కుకున్నవాళ్ల కోసమే అది. ఫొటో తీసుకోండి, ఎక్కే అవసరం తెచ్చుకోకండి.

☐ ఇసుకలో పాతిన కర్రల వెంట నడిచి వెళ్తారా? నీరు వెనక్కి తగ్గుతుండగానే బయల్దేరండి.

☐ 793లో వైకింగ్‌లు (స్కాండినేవియా నుంచి ఓడల్లో వచ్చి దాడులు చేసినవాళ్లు) దోచుకున్న క్రైస్తవ మఠం ఇక్కడిదే. ఇప్పుడున్న శిథిలాలు తర్వాతి కాలానివి. గోడలెక్కొద్దు.

☐ మఠానికీ కోటకీ టికెట్లు వేర్వేరు.

☐ గాలికి ఆగే జాకెట్. గొడుగు ఇక్కడ దండగ.