ఇంటి తలుపు తాళం: పిన్నులు మార్చితే చాలా, తాళమే మార్చాలా?

తాళం ఇబ్బంది పెట్టగానే కొత్తది కొనాలన్న ఆలోచన వస్తుంది గానీ, చాలాసార్లు ఆ ఖర్చు అవసరం ఉండదు. లోపం మూడు చోట్ల ఎక్కడైనా ఉండవచ్చు. తాళం బాగానే ఉండి, దాని చెవి ఎవరి చేతిలో ఉందో తెలియకపోవడం ఒకటి. తాళం లోపలి భాగాలు అరగడమో విరగడమో రెండోది. తాళానికి సంబంధం లేకుండా తలుపే చోటు తప్పడం మూడోది. మొదటిదానికి రీకీయింగ్ సరిపోతుంది, రెండోదానికి మార్పిడి తప్పదు, మూడోదానికి ఈ రెండూ అక్కర్లేదు.

రీకీయింగ్ అంటే తాళాన్ని తలుపుకే ఉంచి, పాత చెవి పనిచేయకుండా, కొత్త చెవికి మాత్రమే తెరుచుకునేలా లోపలి అమరికను మార్చడం. లైనస్ యేల్ జూనియర్ 1861లో పేటెంట్ పొందిన సిలిండర్ తాళపు సూత్రమే నేటికీ ఎక్కువ ఇళ్ల తలుపుల్లో ఉంది. చెవి దూరే గుండ్రని భాగంలో సాధారణంగా 5 లేదా 6 జతల పిన్నులుంటాయి. సరైన చెవి దూరినప్పుడు ప్రతి జతలోని రెండు పిన్నులు కలిసే చోటు ఆ భాగం అంచుకు సరిగ్గా చేరుతుంది, అప్పుడే అది తిరుగుతుంది. చెవిని తాకే పిన్నులను తీసి కొత్త చెవి గాట్లకు తగిన పొడవున్న పిన్నులు వేస్తే చాలు. గడియ, పిడి, పెట్టె అన్నీ పాతవే ఉంటాయి.

చెవి పోయింది, లేదా ఎన్ని నకళ్లు బయట ఉన్నాయో తెలియదు

కొత్త ఇంట్లో చేరినప్పుడు, అద్దెకున్నవారు ఖాళీ చేసినప్పుడు, పనివారికి ఇచ్చిన చెవి తిరిగి రానప్పుడు ఎదురయ్యే పరిస్థితి ఇదే. తాళంలో ఏ లోపమూ లేదు కాబట్టి రీకీయింగే సరైన దారి. పోయిన చెవికి బదులు మరో నకలు చేయించుకోవడం మాత్రం పరిష్కారం కాదు, ఎందుకంటే పోయినది ఇంకా ఆ తలుపును తెరుస్తూనే ఉంటుంది. అద్దె ఇల్లయితే ముందుగా యజమానికి తెలియజేయాలి.

ముందు తలుపుకూ వెనుక తలుపుకూ ఒకే చెవి కావాలనుకునేవారు ఆ పని కూడా ఇప్పుడే చేయించుకోవచ్చు. అయితే రెండు తాళాల్లో చెవి దూరే గాడి ఆకారం ఒకటే అయి ఉండాలి. వేర్వేరు కంపెనీల తాళాలకు ఈ గాడి సాధారణంగా వేరుగా ఉంటుంది గనుక, అక్కడ ఒకదాన్ని మార్చక తప్పదు.

యూరో సిలిండర్ (చెవి దూరే భాగం మొత్తం విడిగా ఊడివచ్చే రకం) అమర్చిన తలుపులకు రీకీయింగ్‌కూ తాళం మార్పిడికీ మధ్య మరో మార్గం ఉంది. తలుపు అంచున, గడియ బయటికి వచ్చే చోటుకు కింద ఉండే ఒకే పొడవాటి స్క్రూను విప్పి, చెవిని కొద్దిగా తిప్పితే సిలిండర్ మొత్తం బయటికి వస్తుంది. కొత్తది కొనేముందు స్క్రూ రంధ్రం మధ్య నుంచి రెండు కొసలకూ విడివిడిగా కొలవాలి. ఒకవైపు 35, మరోవైపు 45 మిల్లీమీటర్లు వస్తే అదే క్రమంలో అడగాలి. బయటివైపు కొస తలుపు పలక నుంచి 3 మిల్లీమీటర్లకు మించి పొడుచుకు రాకూడదు, ఎక్కువ వస్తే దాన్ని పట్టుకుని విరిచేయడం సులువవుతుంది. పిన్నులు మార్చే పనికి ఓర్పూ పనిముట్లూ కావాలి కాబట్టి, సొంతంగా చేసుకోదలచినవారికి సిలిండర్ మార్చుకోవడమే తేలిక అని నా అభిప్రాయం.

లివర్ తాళాల్లో పిన్నులకు బదులు పలుచని రేకులుంటాయి. వాటి అమరికను మార్చడం సాధ్యమే అయినా, ఆ శ్రమకు కొత్త తాళమే మేలనిపించే సందర్భాలు ఎక్కువ.

చెవి దూరుతుంది గానీ తిరగదు

ముందుగా తాళంతో వచ్చిన అసలు చెవిని ప్రయత్నించాలి. అది తిరిగి, నకలు మాత్రమే మొరాయిస్తే లోపం నకలుదే. నకలుకు నకలు తీస్తూ పోయేకొద్దీ గాట్ల లోతు కొద్దికొద్దిగా తప్పుతుంది. అసలు చెవి కూడా బిగుసుకుంటే రంధ్రంలోకి గ్రాఫైట్ పొడి వేసి, చెవిని కొన్నిసార్లు లోపలికీ బయటికీ ఆడించాలి. నూనె పోయకూడదు, అది దుమ్మును పట్టుకుని పిన్నుల మధ్య జిగురుగా పేరుకుంటుంది. ఆ తర్వాత కూడా చెవిని ఎత్తిపట్టి, కదిలించి, బుజ్జగిస్తేగానీ తిరగకపోతే సిలిండర్ అరిగిందని అర్థం. అరిగిన సిలిండర్‌లో కొత్త పిన్నులు వేయించడం దండగ.

చెవి తిరుగుతుంది, గడియ కదలదు

సిలిండర్‌ను బిగించిన స్క్రూ వదులైందేమో మొదట చూడాలి. అది గట్టిగానే ఉంటే, చెవి తిప్పిన కదలికను గడియకు అందించే ముక్క విరిగి ఉంటుంది, లేదా తాళం పెట్టెలోని స్ప్రింగు పాడై ఉంటుంది. పాడైన భాగాన్ని బట్టి సిలిండర్‌నో పెట్టెనో మార్చాలి.

తలుపు మూసినప్పుడు మాత్రమే తాళం పడదు

తలుపు తెరిచి ఉంచి తాళం వేసి చూడాలి. గడియ హాయిగా బయటికి వచ్చి వెళ్తుంటే తాళం నిర్దోషి. బందుల స్క్రూలు వదులై తలుపు కిందికి జారడం వల్లో, తేమకు చెక్క ఉబ్బడం వల్లో గడియ ద్వారబంధంలోని రంధ్రానికి ఎదురుగా రావడం లేదు. గడియ కొసకు సుద్ద రాసి తలుపు మూసి తాళం తిప్పితే, అది ఎక్కడ తగులుతోందో గుర్తు పడుతుంది. పై బందు స్క్రూలు బిగించాలి. చాలకపోతే రంధ్రం చుట్టూ ఉన్న లోహపు పలకను కొద్దిగా జరపాలి. చెవిని బలంగా తిప్పుతూ నెట్టుకొస్తే మాత్రం, ఈ తలుపు జబ్బు కాస్తా పైన చెప్పిన తాళం జబ్బుగా మారుతుంది.

ఎవరో బలవంతంగా తెరవబోయిన గుర్తులున్నాయి

చెవి రంధ్రం చుట్టూ గీతలు, వంగిన పలక, వంకర తిరిగిన గడియ కనిపిస్తే తాళాన్ని పూర్తిగా మార్చాలి, ఎందుకంటే పైకి పనిచేస్తున్నా లోపల ఏది దెబ్బతిన్నదో తెలియదు. కొత్త తాళం ఎంత గట్టిదైనా, గడియ దూరే పలకను పొట్టి స్క్రూలతో బిగిస్తే ఒక్క తన్నుకు ఊడివస్తుంది. చెక్క ద్వారబంధమైతే 75 మిల్లీమీటర్ల స్క్రూలు వాడి పలకను లోపలి దాకా పట్టించాలి.

ఏ పని చేయించినా మెకానిక్ వెళ్లకముందే, తలుపు తెరిచి ఉంచి ప్రతి కొత్త చెవినీ వేసి చూడాలి. రీకీయింగ్ చేయిస్తే పాత చెవిని కూడా వేసి చూడాలి: అది దూరవచ్చు గానీ తిరగకూడదు, తిరిగితే సిలిండర్‌ను మళ్లీ విప్పించాలి.