స్ప్రింగుకు వేలాడే బరువుతో బలస్థిరాంకం ఎలా కనుక్కోవాలి?

బలస్థిరాంకం అంటే స్ప్రింగును ఒక మీటరు సాగదీయడానికి కావాల్సిన బలం. దాన్ని కనుక్కోవడానికి స్టాండు, స్ప్రింగు, హ్యాంగరు, వెయిట్లు, స్టాప్‌వాచ్ చాలు. స్టాండును బల్లకు క్లాంపుతో బిగించండి. వెయిట్లతో పాటు హ్యాంగరు ద్రవ్యరాశినీ కలిపి రాసుకోండి. బరువు కదలకుండా ఆగిన చోటే సమతాస్థితి. ఆ ఎత్తులో స్టాండుకు ఒక కాగితం ముక్క అంటించండి. బరువును నిటారుగా రెండు సెంటీమీటర్లు కిందకు లాగి వదలండి, అంతకు మించొద్దు. పక్కకు ఊగితే ఆపి మళ్లీ మొదలుపెట్టండి.

ఇక లెక్కపెట్టడం. రీడింగులన్నీ పాడయ్యేది ఇక్కడే. ప్రాక్టికల్స్‌లో నేను పిల్లల వాచీ వైపు చూడను, పెదవుల వైపు చూస్తాను. వాచీ నొక్కుతూనే ‘ఒకటి’ అనేస్తారు. అనాల్సింది ‘సున్నా’. బలస్థిరాంకం మీటరుకు 10 న్యూటన్లున్న తేలికపాటి స్ప్రింగుకు 200 గ్రాములు తగిలిస్తే 20 డోలనాలకు (ఒకసారి కిందకూ పైకీ పూర్తిగా ఊగితే ఒక డోలనం) సుమారు 17.8 సెకన్లు పడుతుంది. ‘ఒకటి’తో మొదలుపెట్టి ‘ఇరవై’ దగ్గర ఆపితే జరిగినవి 19 డోలనాలే, వాచీలో కనిపించేది 16.9. ఒక డోలనానికి పట్టే సమయమే ఆవర్తన కాలం. 4π²ను ద్రవ్యరాశితో గుణించి ఆవర్తన కాల వర్గంతో భాగిస్తే బలస్థిరాంకం, ఇదే సూత్రం. అందులో ఆవర్తన కాలాన్ని వర్గం చేస్తాం కాబట్టి బలస్థిరాంకం దాదాపు 11 శాతం ఎక్కువొస్తుంది. అప్పుడు పాపం స్ప్రింగుని తప్పుపడతారు.

బరువు అట్టడుగుకు వచ్చినప్పుడు వాచీ నొక్కొద్దు. అక్కడ వేగం సున్నా కాబట్టి కాసేపు ఆగినట్టే ఉంటుంది, సరైన క్షణం కంటికి అందదు. కాగితం ముక్కను దాటేటప్పుడే వేగం ఎక్కువ, అక్కడే నొక్కాలి. అదీ కిందకు దిగేటప్పుడు మాత్రమే. పైకి వెళ్లేటప్పుడు కూడా లెక్కపెడితే డోలనాలు రెట్టింపవుతాయి. ముందు నాలుగైదు డోలనాలు వదిలేసి, ఆ లయలోనే ‘మూడు, రెండు, ఒకటి, సున్నా’ అనుకుంటూ నొక్కండి. ఒక్కో బరువుకు మూడుసార్లు చేయాలి, రెండుసార్లు చాలదు.

స్కేలుతో సాగుదల కొలిచే పద్ధతి కన్నా నాకు ఇదే ఇష్టం. అందులో కన్ను కాస్త పైకో కిందకో జరిగితే రీడింగు మారిపోతుంది, పైగా గురుత్వ త్వరణం విలువ కూడా కావాలి. ఇక్కడ ఆ అవసరమే లేదు. గురుత్వం సమతాస్థితిని కిందకు జరుపుతుందే తప్ప ఆవర్తన కాలాన్ని మార్చదు. ఇదే స్ప్రింగు, ఇదే బరువు చంద్రుడి మీద ఊగినా అంతే సమయం తీసుకుంటాయి.

చివరగా అడ్డంగా ద్రవ్యరాశి, నిలువుగా ఆవర్తన కాల వర్గం తీసుకుని గ్రాఫ్ గీయండి. 4π²ను వాలుతో భాగిస్తే బలస్థిరాంకం వస్తుంది. గీతను బలవంతంగా మూలబిందువు గుండా లాగొద్దు. స్ప్రింగు కూడా ఊగుతోంది, దాని ద్రవ్యరాశిలో మూడో వంతు లెక్కలోకి వస్తుంది. గీతను వెనక్కి పొడిగిస్తే ద్రవ్యరాశి అక్షాన్ని సున్నాకు ఎడమవైపు తాకుతుంది. స్ప్రింగు 60 గ్రాములుంటే 20 దగ్గర తాకాలి. తూచి సరిచూసుకోండి.