సినిమా చూసే విద్య – 6వ పాఠం: కుక్క ముఖంలో ఏముంది?

గత పాఠంలో ఒక సన్నివేశం తీసుకుని కట్‌లు, అంటే ఒక షాట్ ఆగి మరో షాట్ మొదలయ్యే చోట్లు, లెక్కపెట్టాం. లెక్క తప్పినవాళ్లు దిగులు పడనక్కర్లేదు. సంభాషణ మీద ధ్యాస పోతే కట్ కంటికి ఆనదు. ఆనకూడదనే కదా ఎడిటర్ అంత శ్రమపడేది! అందుకే ఈసారి సంభాషణలే లేని నటుడి దగ్గరికి వెళ్దాం. ఆయనకు కథ తెలియదు. కెమెరా అంటే ఏమిటో తెలియదు. అయినా అరవై ఏళ్లకు పైగా ఇంటిల్లిపాదినీ ఏడిపిస్తూనే ఉన్నాడు.

సినిమా పేరు ‘ఓల్డ్ యెల్లర్’. డిస్నీ సంస్థ తీసింది, 1957 డిసెంబరులో విడుదలైంది, దర్శకుడు రాబర్ట్ స్టీవెన్సన్. ఫ్రెడ్ గిప్సన్ నవల దీనికి ఆధారం. కథాకాలం 1860ల చివర, స్థలం టెక్సాస్. తండ్రి పశువుల మందను తోలుకుని కాన్సస్‌కు బయలుదేరతాడు. ఇల్లు, పొలం, తల్లి, చిన్న తమ్ముడు, అన్నీ ట్రావిస్ అనే కుర్రవాడి నెత్తిన పడతాయి. ఎక్కడినుంచో ఒక పసుపుపచ్చ కుక్క వచ్చి, దొంగతనంతో పరిచయం మొదలుపెట్టి, చివరికి ఆ ఇంటి మనిషైపోతుంది. ముగింపు తెలియనివాళ్లు ఇక్కడే ఆగి, సినిమా చూసి రండి. ఈ పాఠమంతా ఆ ముగింపు మీదే నడుస్తుంది.

డిస్కులో చూసినా ఆన్‌లైన్‌లో చూసినా మొదటిసారి ఆపకుండా చూడాలి. రిమోట్ దూరంగా పెట్టండి. మొత్తం 83 నిమిషాలే. ఒక్క జాగ్రత్త: పాత క్యాసెట్ దొరికితే దానితో సరిపెట్టుకోకండి. ఆ రోజుల టీవీ తెర 4:3 కొలతది. వెడల్పాటి తెర కోసం కూర్చిన బొమ్మను అందులో ఇమిడ్చేటప్పుడు ఫ్రేము రూపమే మారిపోయేది. మనం చదవబోయేది ఫ్రేమునే కాబట్టి ఈ పట్టింపు.

చిన్నప్పుడు ఈ సినిమా చూసినవాళ్లు, మళ్లీ చూసే ముందు ఒక పని చేయాలి. చివరి ఘట్టంలో ఏమేం కనిపిస్తుందో జ్ఞాపకం ఉన్నంతవరకు కాగితం మీద రాయండి. నేనూ రాశాను. ‘తుపాకీ పేలింది, కుక్క పక్కకు ఒరిగింది, కళ్లు మూతపడ్డాయి’ అని మూడు ముక్కలు రాసి, ఎంతో నమ్మకంగా డిస్కు పెట్టాను. చివరి రెండూ సినిమాలో లేవు. గుండు తగలడం మనకు చూపించరు. నేను ఇన్నేళ్లూ గుర్తుంచుకున్న చావు తెర మీద జరగనే లేదు!

మరి ఎక్కడ జరిగింది? ఇప్పుడు రిమోట్ అందుకోండి.

ముందు కథలో ఎక్కడున్నామో చూద్దాం. పిచ్చెక్కిన తోడేలు తల్లి మీదికి ఉరికితే కుక్క అడ్డుపడి పోరాడుతుంది. ఆ కాటువల్ల దానికీ రేబిస్ సోకిందేమోనన్న అనుమానంతో మొక్కజొన్న కంకుల కొట్టులో బంధిస్తారు. ఆ కాలానికి మందన్నదే లేదు. పాశ్చర్ మనిషికి మొదటిసారి టీకా వేసింది 1885లో. కాబట్టి ఎదురుచూడటం ఒక్కటే దారి. ఒకరోజు కర్రల సందులోంచి గుర్రుమన్న శబ్దం వస్తుంది. తుపాకీ తాను పేలుస్తానంటుంది తల్లి. అది తన కుక్క అని, ఆ పని తనదేనని అంటాడు ట్రావిస్.

ఈ ఘట్టాన్ని మూడుసార్లు నడపండి. మొదటిసారి మామూలుగా. రెండోసారి శబ్దం పూర్తిగా తీసేసి. మూడోసారి కుక్క తెర మీదికి వచ్చిన ప్రతిసారీ పాజ్ చేసి, దాని ముఖం ఒక్కటే చూడండి. ముందేం జరిగిందో, తర్వాతేం జరుగుతుందో తెలియని మనిషికి ఆ నిశ్చల చిత్రం చూపిస్తే ఏమంటాడు? ‘పళ్లు బయటపెట్టిన కుక్క’ అంటాడు, అంతే. ద్రోహం, జబ్బు, వీడ్కోలు, ఇవేవీ ఆ ముఖంలో లేవు. అవన్నీ టామీ కిర్క్ అనే కుర్ర నటుడి ముఖంలో ఉన్నాయి. కట్ పడగానే అతని దుఃఖాన్ని మనమే మోసుకెళ్లి కుక్కకు అంటిస్తున్నాం.

ఈ గుట్టు కుక్కల సినిమాలకంటే పాతది. సుమారు వందేళ్ల కిందట రష్యన్ దర్శకుడు లెవ్ కులెషోవ్ ఒక నటుడి ముఖం, ఏ భావమూ లేనిది, తీసుకుని దాని పక్కన ఒకసారి సూప్ గిన్నె, ఒకసారి శవపేటిక అతికించి చూపించాడట. చూసినవాళ్లు ఆకలిని, శోకాన్ని ఎంత బాగా పలికించాడని నటుడిని మెచ్చుకున్నారని చెబుతారు. ముఖం మాత్రం ఒక్కటే. మనిషి విషయంలో ఇది కొంచెం అవమానంగా అనిపిస్తుంది. కుక్క విషయంలో అది నిత్యావసరం.

అలాగని కుక్క ఏమీ చేయలేదనుకోవద్దు. ఈ పాత్ర వేసినవాడు స్పైక్, శిక్షకుడు ఫ్రాంక్ వెదర్‌వాక్స్. (ఆయన అన్న రడ్, ‘లాసీ’ అనే మరో సినిమా కుక్కకు శిక్షకుడు. ఆడకుక్క లాసీగా నటించిన పాల్ మగకుక్క. ఆ ఇంట్లో కుక్కలకు తీరిక ఉండేది కాదేమో.) చూపు ఎటు తిప్పాలి, ఎప్పుడు పడుకోవాలి, ఎప్పుడు పరుగెత్తాలి, ఇవన్నీ నేర్పిన పనులే. శిక్షకుడు ఫ్రేముకు ఆవల నిలబడి సైగ చేస్తే కుక్క అటు చూస్తుంది. ఆ చూపుకు ఎదురుగా కుర్రవాడి ముఖం కట్ చేస్తే, వాడినే చూస్తోందని మనం నమ్ముతాం. చూపు గీత కాస్త పక్కకు పోయిన షాట్లు ఈ సినిమాలో పట్టుకోగలరేమో ప్రయత్నించండి. ఒక్కటి దొరికినా మీ కన్ను పదునెక్కినట్టే.

ఎలుగుబంటి, అడవిపందుల పోరాటాలను వదిలేస్తున్నాను. అక్కడ కట్‌ల పని ఎక్కువగా దాచడమే. దానికంటే బర్న్ శాండర్సన్ వచ్చే ఘట్టం మేలు. కుక్క అసలు యజమాని ఆయనే. తీసుకుపోవడానికి వచ్చి, చిన్న పిల్లవాడి దగ్గరున్న కొమ్ముల తొండకూ ఒక పూట ఇంటి భోజనానికీ కుక్కను మార్చుకుని వెళతాడు. నవ్వించే బేరమే కానీ, ఆ మాటలు నడుస్తున్నంతసేపూ కుక్క ఎటు చూస్తోందో గమనించండి. తన బతుకు గురించే తీర్పు జరుగుతోందని దానికి ఏమాత్రం పట్టదు. పట్టినట్టు మీకు అనిపించిన క్షణం ఉంటే, దానికి ముందు షాట్ ఏదో వెనక్కి వెళ్లి చూడండి.

వచ్చే పాఠానికి ‘బెంజీ’ తెచ్చుకోండి. 1974, దర్శకుడు జో క్యాంప్, కుక్క పేరు హిగిన్స్. ఇక్కడ కెమెరా కుక్క ఎత్తుకు దిగుతుంది. దుఃఖం అరువివ్వడానికి మనిషి ముఖం చాలాచోట్ల పక్కన ఉండదు. కాగితం మీద రెండు గళ్లు గీయండి. ఒకదాంట్లో కుక్క నిజంగా చేసిన పని, రెండోదాంట్లో అది ‘అనుకుంటోందని’ మీకు తోచింది. పది షాట్లు చాలు. రెండో గడి నిండి మొదటి గడి ఖాళీగా ఉన్న షాట్లకు చుక్క పెట్టి ఉంచండి, వాటి దగ్గరే మొదలుపెడదాం.