ట్రిగ్గర్ బిగువు తగ్గించే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

దేవరకొండ, అచ్చంపేట ప్రాంతాల్లో లైసెన్సుతో సింగిల్‌షాట్ రైఫిల్ ఉంచుకున్నవారు, ట్రిగ్గర్ బిగువుగా ఉందని ఇంట్లోనే ఆకురాయి పట్టకూడదు. ఆయుధాల చట్టం, 1959 ప్రకారం తుపాకుల మరమ్మతుకు ప్రత్యేక లైసెన్సు ఉండాలి కాబట్టి, అది ఉన్న దుకాణానికే తీసుకువెళ్లాలి.

బయలుదేరే ముందు తూటాలను వేరే గదిలో ఉంచి తాళం వేయాలి. ఆ తర్వాత బ్రీచ్ (గొట్టం వెనుక భాగం) తెరిచి, తూటా కూర్చునే ఛాంబర్‌ను వెలుతురులో కంటితో చూడడమే కాక, చిటికెనవేలు పెట్టి ఖాళీగా ఉన్నట్లు రూఢి చేసుకోవాలి. తుపాకీని సంచిలో పెట్టి, లైసెన్సు పుస్తకం వెంట తీసుకువెళ్లాలి.

చాలాసార్లు ఎండిన గ్రీజు, దుమ్ము, తుప్పే బిగువుకు కారణమవుతాయి. అందుచేత ముందుగా శుభ్రం చేయించి, ట్రిగ్గర్ బిగువును గేజ్‌తో కొలిపించాలి. అన్నిటికంటే ముఖ్యమైనది సియర్ అంచు. సుత్తిని (తూటాను పేల్చడానికి దెబ్బ కొట్టే భాగాన్ని) పట్టి ఉంచే ఆ సన్నని అంచుపై గట్టిపరచిన పొర అరిగిపోతే, లోపలి మెత్తని ఉక్కు త్వరగా తరిగి, తుపాకీ కింద పడినా, బ్రీచ్‌ను గట్టిగా మూసినా దానంతటదే పేలే ప్రమాదం ఉంటుంది. స్ప్రింగును కత్తిరించడానికి ఒప్పుకోకూడదు.

పాయింట్ 22 రిమ్‌ఫైర్ (తూటా అడుగు అంచుపై దెబ్బతో పేలే రకం) అయితే డమ్మీ తూటా (మందు లేని ఉత్తుత్తి తూటా) లేకుండా ట్రిగ్గర్ నొక్కి చూడవద్దు, తూటాను కొట్టే ఫైరింగ్ పిన్ను ఛాంబర్ అంచుకు తగిలి సొట్ట పడవచ్చు. పని ముగిశాక సేఫ్టీ పట్టును దుకాణంలోనే, ఖాళీ తుపాకీతో, మీ ఎదుటే పరీక్షించమని అడగాలి.