లెక్సస్‌కు పెట్టే అదనపు డబ్బుకు విలువ దక్కుతుందా? విజయవాడ, గుంటూరు కొనుగోలుదారు తేల్చుకోవడం ఎలా?

మన ప్రాంతంలో లగ్జరీ కారు మాట వస్తే ముందు జర్మన్ పేర్లే వినిపిస్తాయి. అంతలో అమెరికాలో ఉన్న కొడుకో కూతురో ఫోన్ చేసి, "నాన్నా, లెక్సస్ తీసుకోండి, పదేళ్లపాటు దాని గురించి ఆలోచించక్కర్లేదు" అంటారు. ఆ సలహాలో నిజం ఉంది. కానీ అది అమెరికా రోడ్లు, అమెరికా ధరలు, ఇంటికి దగ్గర్లోనే సర్వీసు ఉండే పరిస్థితి చూసి చెప్పిన సలహా. బెజవాడలోనో గుంటూరులోనో ఉండేవారు దాన్ని ఇక్కడి లెక్కల్లోకి మార్చుకుని చూడాలి. లెక్సస్ వరుసలో తక్కువ ధరకు దొరికే కారుకు, టయోటా క్యామ్రీ కంటే అంత ఎక్కువ డబ్బు పెట్టవచ్చా అన్నది అప్పుడే తేలుతుంది.

మొదటి అడుగు: ఆ పేరు ఏ కారు సంపాదించిందో తెలుసుకోండి

హోండా 1986లో అమెరికాలో అక్యూరా పేరుతో ఖరీదైన కార్ల అమ్మకం మొదలుపెట్టింది. 1989లో టయోటా లెక్సస్‌ను, నిస్సాన్ ఇన్ఫినిటీని తెచ్చాయి. వీటిలో అక్యూరా, ఇన్ఫినిటీ మన దేశంలో అమ్మకానికి లేవు. కాబట్టి ఇక్కడ జపాన్ లగ్జరీ అంటే లెక్సస్ ఒక్కటే. అది 2017లో భారత్‌కు వచ్చింది.

1989లో లెక్సస్ రెండు కార్లతో మొదలైంది. ఎల్ఎస్ 400 పూర్తిగా కొత్తగా తయారైన పెద్ద కారు. దాని పక్కన చిన్నది ఈఎస్ 250, క్యామ్రీ వంశానికి చెందినదే. మార్కెట్‌ను కదిలించింది ఎల్ఎస్. అదే ఏడాది డిసెంబరులో ఆ కారులో లోపాలు బయటపడితే, కంపెనీ సుమారు 8,000 కార్లను యజమానుల ఇళ్ల నుంచే తీసుకెళ్లి బాగుచేయించి, కడిగించి, ట్యాంకు నింపి తిరిగి అప్పగించింది. లెక్సస్ మర్యాదకు ఇంత పేరు రావడానికి పునాది అక్కడే పడింది.

ఇది ఎందుకు గుర్తుపెట్టుకోవాలంటే, మీరు కొనబోయేది ఎల్ఎస్ కాదు. మన దేశంలో లెక్సస్ మెట్లలో కింది వరుసలో ఉంటూ వచ్చింది ఈఎస్ 300హెచ్. దాన్ని బెంగళూరు దగ్గరి బిడదిలో బిగించడం 2020లో మొదలైంది. పెద్ద కారు తెచ్చిన పేరును చిన్న కారు కూడా మోస్తోంది. చిన్న కారు సొంత బలం మాత్రం చాలావరకు టయోటా బలమే.

రెండో అడుగు: క్యామ్రీని పక్కన నిలబెట్టండి

ఈ పని చేయకుండా ఎవరూ లెక్సస్‌కు అడ్వాన్సు ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం. ఈఎస్, క్యామ్రీ రెండూ టయోటా జీఏ-కే అనే ఒకే పునాది మీద తయారయ్యాయి. రెండింట్లోనూ 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజను, దానికి తోడు విద్యుత్ మోటార్లు. 2024 డిసెంబరులో వచ్చిన క్యామ్రీ శక్తి 230 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత), ఈఎస్ 300హెచ్ శక్తి 218 పీఎస్. అంటే ధర తక్కువ ఉన్న కారులోనే కొత్త తరం హైబ్రిడ్ ఉంది, శక్తి కూడా కాస్త ఎక్కువ.

ఈ హైబ్రిడ్ మన్నికకు కారణం అందులో ఉన్నవాటికంటే లేనివే. క్లచ్ లేదు. విడిగా స్టార్టర్ మోటారు లేదు, ఆల్టర్నేటర్ లేదు. ఇంజను, రెండు మోటార్లు ప్లానెటరీ గేర్ అనే పళ్ల చక్రాల అమరిక ద్వారా శక్తిని పంచుకుంటాయి. మామూలు గేర్‌బాక్సులా గేర్లు మారవు కాబట్టి అరిగిపోయేవీ తక్కువే. ఏసీ కంప్రెసర్ విద్యుత్తుతో తిరుగుతుంది. అందుకే బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్‌లో ఇంజను ఆగిపోయినా చల్లదనం ఆగదు. మే నెలలో 45 డిగ్రీల ఎండ చూసే ఊరికి ఇది చిన్న సుఖం కాదు. ఇవన్నీ క్యామ్రీలోనూ ఉన్నాయని మళ్లీ గుర్తు చేస్తున్నాను.

మరి ఎక్కువ డబ్బుకు ఏమి వస్తుంది? ముందు, వెనక చక్రాల మధ్య దూరం క్యామ్రీలో 2,825 మి.మీ., ఈఎస్‌లో 2,870 మి.మీ. ఆ తేడా వెనక కూర్చున్నవారి మోకాళ్లకు తెలుస్తుంది. తలుపు మూసినప్పుడు వచ్చే శబ్దం, సీటు తోలు, కుట్టు, రంగు పూత, బయటి హారన్లు లోపలికి వినిపించకుండా చేసిన పని, పై రకంలో మార్క్ లెవిన్సన్ పేరుతో వచ్చే 17 స్పీకర్ల సంగీత వ్యవస్థ. వీటికి తోడు వారంటీ. 2024లో లెక్సస్ ఇండియా కొత్త కార్లకు 8 ఏళ్లు లేదా 1,60,000 కి.మీ. వారంటీ ప్రకటించింది. క్యామ్రీకి హైబ్రిడ్ బ్యాటరీ వరకు అంతే ఇస్తారు, కానీ మొత్తం కారుకు ఇచ్చే మామూలు వారంటీ 3 ఏళ్లు లేదా లక్ష కిలోమీటర్లు. నా దృష్టిలో తోలు సీట్లకంటే ఈ తేడాకే ఎక్కువ విలువ కట్టాలి.

మూడో అడుగు: ఆన్ రోడ్ లెక్క మీరే వేయండి

కొత్త క్యామ్రీ వచ్చినప్పుడు దాని ఎక్స్ షోరూం ధర 48 లక్షలు. అప్పట్లో ఈఎస్ సుమారు 64 లక్షల నుంచి మొదలయ్యేది. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్లపై సెస్సు తీసేసి 40 శాతం జీఎస్టీ ఒక్కటే ఉంచారు కాబట్టి ధరలు మారాయి. లెక్క వేసే పద్ధతి మాత్రం అదే, ఈనాటి అంకెలు పెట్టుకోండి.

పాత అంకెలతోనే చేసి చూపిస్తాను. తేడా 16 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో 20 లక్షలు దాటిన కారుకు జీవితకాల పన్ను 18 శాతం. అంటే ఆ తేడా మీదే మరో 2,88,000 రూపాయలు. మొత్తం దాదాపు 19 లక్షలు, దాని పైన బీమా తేడా అదనం. ఈ 19 లక్షలను 7 శాతం వడ్డీకి డిపాజిట్ చేస్తే ఏడాదికి 1,33,000 రూపాయలు వస్తాయి. తేడాకు మీరు చెల్లిస్తున్న అసలు ధరలో ఇదీ ఒక భాగమే. నాలుగేళ్లకే కారు మార్చేవారికి ఈ 19 లక్షలు ఏడాదికి నాలుగున్నర లక్షలకు పైగా పడతాయి, అమ్మేటప్పుడు తిరిగి వచ్చే కొంత తీసేయకముందు. పదేళ్లు వాడుకునేవారికి అదే ఏడాదికి రెండు లక్షల లోపు.

పది లక్షలు దాటిన కారుకు షోరూము ఒక శాతం టీసీఎస్, అంటే అమ్మేటప్పుడే ముందుగా తీసుకునే ఆదాయపు పన్ను, వసూలు చేస్తుంది. అది ఖర్చు కాదు, రిటర్నులో సర్దుబాటు అవుతుంది. మిర్చి యార్డు వ్యాపారులు, పొగాకు ఎగుమతిదారులు కారును సంస్థ పేరు మీద కొంటే జీఎస్టీ మొత్తం క్రెడిట్ వస్తుందని ఆశపడుతుంటారు. సొంత వాడకం కార్లకు ఆ క్రెడిట్ చట్టప్రకారం రాదు. ఆదాయపు పన్నులో 15 శాతం తరుగుదల మాత్రం చూపించుకోవచ్చు. పన్ను తక్కువ ఉన్న చోట రిజిస్ట్రేషన్ చేయిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. కారు తిరిగేది ఇక్కడే అయినప్పుడు ఇక్కడి పన్ను వెంట పడుతుంది.

ఇంధనం ఆదా సంగతి ఒక్క మాటలో చెప్పవచ్చు. లీటరుకు 10 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోల్ లగ్జరీ కారు బదులు 16 ఇచ్చే హైబ్రిడ్ తీసుకుంటే, ఏడాదికి 12,000 కి.మీ. తిరిగేవారికి 450 లీటర్లు మిగులుతుంది. లీటరు 110 అనుకుంటే దాదాపు యాభై వేలు. జర్మన్ కారుతో పోలిస్తే ఇది లాభమే. క్యామ్రీతో పోలిస్తే లాభం లేదు.

నాలుగో అడుగు: వెనక సీట్లో కూర్చుని నడిపించి చూడండి

స్టీరింగ్ పట్టుకుని ఒక చుట్టు తిరిగితే ఈ కారు అర్థం కాదు. మీ ఇంట్లో దీన్ని ఎక్కువగా వాడేది ఎవరో వారిని వెంట తీసుకెళ్లండి. హైదరాబాద్ షోరూముతో మాట్లాడి కారును మీ ఊరికే తెప్పించమని అడగండి. ఇంత ఖరీదైన కారు కొనేటప్పుడు అలా అడగడం మీ హక్కు. అదే రోజు క్యామ్రీని కూడా రప్పించండి. డ్రైవరు కూడా ఒకరే ఉండాలి, ఎందుకంటే నడిపే తీరు మారితే పోలిక చెడిపోతుంది.

దారి కూడా మీరే ఎంచుకోండి. సాయంత్రం రద్దీలో బందరు రోడ్డు మీదుగా బెంజి సర్కిల్, అక్కడి నుంచి జాతీయ రహదారి ఎక్కి మంగళగిరి దాటి కాజ టోల్ ప్లాజా వరకు. నగరంలో నెమ్మదిగా వెళ్తున్నప్పుడు ముందు సీటువారు మామూలు గొంతుతో మాట్లాడితే వెనక ఎంత స్పష్టంగా వినిపిస్తోందో గమనించండి. రహదారి మీద లారీని దాటడానికి ఒక్కసారిగా పెడల్ తొక్కమని చెప్పండి. ఈ హైబ్రిడ్ ఇంజను అప్పుడు ఒక్కసారిగా గొంతు పెంచుతుంది, వేగం మాత్రం ఆ తర్వాత అందుకుంటుంది. కొందరికి ఇది అసలు పట్టదు. జర్మన్ కారు నడిపి వచ్చినవారికి మొదటి రోజే విసుగు పుట్టిస్తుంది. ఉత్సాహంగా నడపాలనుకునేవారు ఇక్కడే నిర్ణయం తీసుకుని వెనక్కి రావచ్చు.

తర్వాత కారును గంటసేపు ఎండలో నిలిపి, ఏసీ వేసి, వెనక సీటు ఎంతసేపటికి చల్లబడుతుందో చూడండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు ఉంటే వారిని ఎక్కించి, దిగమనండి. ఇది నేలకు దగ్గరగా ఉండే సెడాన్. కూర్చోవడం తేలికే, లేవడమే కష్టం. ఆ ఇబ్బంది కనిపిస్తే ఎత్తుగా ఉండే లెక్సస్ ఎన్ఎక్స్ ఎస్‌యూవీ వైపు చూడండి, లేదా లెక్సస్ ఆలోచనే పక్కన పెట్టండి. ఎంత మంచి కారైనా అమ్మ ఎక్కలేకపోతే ఇంటికి పనికిరాదు.

ఒక టేపు తీసుకుని మీ అపార్టుమెంటు పార్కింగ్ కూడా కొలవండి. ఈఎస్ పొడవు 4,975 మి.మీ., వెడల్పు 1,865 మి.మీ. బ్రాడీపేటలోని పాత అపార్టుమెంట్లలో స్తంభాల మధ్య ఇది నిలబడినా తలుపు తెరుచుకోకపోవచ్చు.

ఐదో అడుగు: మరమ్మతు, బీమా మాటలు కాగితం మీద రాయించుకోండి

హైదరాబాద్ ఇక్కడికి సుమారు 270 కిలోమీటర్లు. సర్వీసుకు కారును ఎవరు తీసుకెళ్తారు, ఆ ఖర్చు ఎవరిది, దారిలో ఆగిపోతే ఎన్ని గంటల్లో సాయం వస్తుంది, బదులు కారు ఇస్తారా అన్నవి ఈమెయిల్‌లో అడిగి, జవాబు తీసుకోండి. ముందు అద్దం, ముందు బంపరు, ఒక హెడ్‌లైటు, పక్క అద్దం, ఈ నాలుగింటి ధర, అవి వచ్చేందుకు పట్టే రోజులు కూడా రాయించండి. ఇంజను చెడిపోవడం అరుదు. మన రోడ్ల మీద ఆటో తగిలి హెడ్‌లైటు పగలడం మాత్రం అరుదు కాదు.

మన ఆటోనగర్ పనివాళ్ల చేతి పనితనం మీద నాకు ఎంతో గౌరవం ఉంది. సొట్టలు తీయడంలో, రంగు కలపడంలో వారికి సాటి వచ్చేవారు తక్కువ. అయినా హైబ్రిడ్‌లో నారింజ రంగు తొడుగుతో కనిపించే తీగలన్నీ ప్రాణం తీయగల వోల్టేజీవి. శిక్షణ లేనివారిని అక్కడ చెయ్యి పెట్టనివ్వకండి. అదనపు లైట్లు, హారన్ల కోసం వైర్లు కోయించకండి, వారంటీకి అదే అడ్డు తగులుతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పరిసర ప్రాంతాలు మునిగినప్పుడు కార్ల యజమానులు పడ్డ బాధ మనందరికీ తెలుసు. పాలసీలో ఇంజను రక్షణ, హైబ్రిడ్ బ్యాటరీ రక్షణ, ఇన్వాయిస్ విలువ పూర్తిగా తిరిగి ఇచ్చే షరతు, మూడూ ఉన్నాయో లేదో చదివి చూడండి. నీళ్లు లోపలికి వచ్చిన కారు స్టార్ట్ బటన్ నొక్కకూడదని డ్రైవరుకు ముందే చెప్పి ఉంచండి.

ఆరో అడుగు: వాడిన కారును కూడా లెక్కలోకి తీసుకోండి

రెండు మూడేళ్లు వాడిన ఈఎస్ దొరికితే నేను దానికే మొగ్గుతాను. మొదటి యజమాని తరుగుదల మోశాడు, 2024లో ప్రకటించిన వారంటీ వర్తించే కారైతే అందులో చాలా ఏళ్లు మిగిలి ఉంటాయి. పైగా కొత్త తరం ఈఎస్‌ను 2025 ఏప్రిల్‌లో షాంఘైలో చూపించారు కాబట్టి పాత రూపం మీద బేరమాడే వీలు పెరిగింది. పూర్తి సర్వీసు చరిత్ర, హైబ్రిడ్ బ్యాటరీ పరీక్ష నివేదిక, బీమా క్లెయిముల జాబితా, ఈ మూడూ లేనిదే బేరం మొదలుపెట్టకండి. సీటు బెల్టును చివరి వరకు లాగి చూడండి. లోపలి చివర బురద చార కనిపిస్తే ఆ కారును వదిలేయండి.

ఏడో అడుగు: తేల్చుకోండి

నా తీర్పు ఇది. కనీసం ఎనిమిదేళ్లు ఉంచుకుంటారు, ఎక్కువగా వెనక సీట్లో కూర్చుంటారు, హైదరాబాద్ సర్వీసు సంగతి కాగితం మీద తేలింది అంటే ఈఎస్ తన ధరకు తగిన కారే. ఆ మన్నిక పేరు ఊరికే వచ్చింది కాదు. నాలుగైదేళ్లకు మార్చేవారు, నలుగురిలో గుర్తింపు కోసం కొనేవారు డబ్బు నష్టపోతారు. మన ఊళ్లో కారు మీది లెక్సస్ గుర్తు చూసి గుర్తుపట్టేవారు ఇంకా తక్కువే. కేవలం మన్నిక, మైలేజీ కావాలనుకుంటే క్యామ్రీ చాలు. ఆ ఎంపికలో చిన్నతనం ఏమీ లేదు.

ఎనిమిదో అడుగు: కారు ఇంటికి వచ్చిన రోజు

పూజ అవగానే చాలామంది చేసే పని సీటు కవర్లు, మ్యాట్లు వేయించడం. రెండింటి దగ్గరా జాగ్రత్త. హైబ్రిడ్ బ్యాటరీ వెనక సీటు కింద ఉంటుంది. దానికి చల్లని గాలి కేబిన్ నుంచే, సీటు దగ్గరి చిన్న జాలీ ద్వారా వెళ్తుంది. కవరు ఆ జాలీని మూసేస్తే, లేదా దాని వడపోత దుమ్ముతో నిండితే బ్యాటరీ వేడెక్కి ఆయుష్షు తగ్గుతుంది. మీ కారులో అది ఎక్కడుందో డెలివరీ ఇచ్చేవారితో వేలు పెట్టి చూపించుకోండి, ప్రతి సర్వీసులో దాన్ని శుభ్రం చేయమని రాయించండి.

మ్యాట్ల సంగతి ఇంకా గంభీరమైనది. 2009 ఆగస్టులో అమెరికాలోని శాన్ డియేగో దగ్గర ఒక లెక్సస్ ఈఎస్ 350లో వేరే మోడల్ కోసం చేసిన మ్యాట్ వేశారు. యాక్సిలరేటర్ పెడల్ దానికింద ఇరుక్కుని, కారు ఆగక నలుగురు చనిపోయారు. ఆ తర్వాత టయోటా లక్షల కార్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. డ్రైవరు వైపు ఆ మోడల్‌కు చేసిన మ్యాట్ ఒక్కటే ఉండాలి, కొక్కేలకు బిగించి ఉండాలి, దాని మీద మరొకటి పరచకూడదు. కారు కడిగి పెట్టిన ప్రతిసారీ డ్రైవరు ఆ కొక్కేలను చేత్తో లాగి చూడటం అలవాటు చేయండి.